కళ్ళు లేని పాప, తిన్నగా ఉన్న అక్షరాలు: ఈ అచ్చురాయి అసలుదేనా?

పెన్నవడ్డు · శనివారం, రాత్రి 10:12

నమస్తే అండీ. నేనుండేది ఇంగ్లండులో, రీడింగ్‌లో. ఈ పొద్దున ఇక్కడ కార్ బూట్ సేల్‌కి పోయా. కారు డిక్కీలో పాత సామాన్లు పెట్టుకొచ్చి మైదానంలో అమ్ముతారు, మన వారసంత లాగానే. ఒక ముసలాయన దగ్గర ఇత్తడి తాళాల కింద పలక లాంటి రాయి కనపడింది, దాని మీద ఏదో బొమ్మ. విక్టోరియా రాణి కాలం నాటి లిథో రాయి, అంటే బొమ్మలు అచ్చువేసే రాయి, బిస్కట్ల ప్రకటనకి వాడింది అన్నాడు. బేరమాడి తెచ్చేశా. తెచ్చా అంటే నేనూ ఆయన మనవడూ చెరో పక్కా పట్టుకుని కార్లో దించాం. ఇంటికొచ్చి తూకం మిషను మీద పెడితే 41 కిలోలు.

50 సెంటీమీటర్ల పొడుగు, 40 వెడల్పు, 8 మందం. బూడిద కలిసిన లేత పసుపు రంగు. మీది ముఖం నున్నగా ఉంది, అడుగు గరుకు.

నా అనుమానాలు రెండు. బొమ్మలో ఒక చిన్న పాప ఉంది. టోపీకి కట్టిన రిబ్బను ఉంది, బుగ్గలున్నాయి, చేతిలో బుట్ట ఉంది. కళ్ళు లేవు, ముక్కు లేదు. చెరిగిపోయినట్టు కాదు, అసలు వెయ్యనే లేదు. రాత్రిపూట చూస్తే ఎట్టాగో ఉంది. మా పాప అప్పుడే దాని మీద తువ్వాలు కప్పేసింది. రెండోది, కింద ఇంగ్లీషులో "బిస్కట్స్" అని లావు అక్షరాలు, మామూలుగా చదువుకునేటట్టే ఉన్నాయి. అచ్చురాయి మీద అక్షరాలు తిరగబడి ఉండాలి కదా? కంపెనీ పేరు ఉండాల్సిన చోట పెచ్చు ఊడిపోయింది.

ఏందబ్బా ఇది, మోసపోయానా?

అనుమానాలరావు · శనివారం, రాత్రి 10:31

పోయారు. ఆఫీసు రబ్బరు స్టాంపు తిప్పి చూడండి, పేరు తిరగేసే ఉంటుంది. రాయైనా అంతే. ఇంటి అలంకారానికని రాతి పలకల మీద పాత ప్రకటనల బొమ్మలు కొట్టి అమ్మేవాళ్ళున్నారు. కంపెనీ పేరు దగ్గరే పెచ్చు ఊడటం కూడా భలే కుదిరింది. కొట్టినవాడికి కళ్ళు వెయ్యడం రాలేదు కాబోలు.

గులకరాయి · శనివారం, రాత్రి 11:05

నేను తిరుపతిలో జియాలజీ చదువుతున్నా. బొమ్మ సంగతి నాకు తెలీదు గానీ రాయి సంగతి చెప్తా. 50 × 40 × 8 అంటే 16,000 ఘన సెంటీమీటర్లు. గట్టి సున్నపురాయి సాంద్రత దాదాపు 2.6. గుణిస్తే 41.6 కిలోలు. ఊడిన పెచ్చు తీసేస్తే అన్నగారి తూకంతో సరిపోయింది. సిమెంటు పోత అయితే ఇంత బరువు రాదు.

లిథో రాళ్ళలో పేరున్నవి జర్మనీలో బవేరియా ప్రాంతపు జోల్న్‌హోఫెన్ గనులవి. సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ కదలిక లేని ఉప్పునీటి మడుగులుండేవి. అడుగున మెత్తటి సున్నపు బురద పొర మీద పొరగా దిగింది. అలల్లేవు, ఇసక లేదు. అందుకే ఆ రాయికి రేణువనేది కంటికి ఆనదు. పక్షికీ డైనోసారుకీ మధ్య జీవిగా చెప్పే ఆర్కియోప్టెరిక్స్ 1861లో దొరికింది అక్కడే. దాని శాస్త్రీయనామంలో రెండో మాట "లిథోగ్రాఫికా". అచ్చురాళ్ళ కోసం తవ్వుతుంటే బయటపడింది కాబట్టి ఆ పేరు. అచ్చాఫీసులే లేకపోతే అంత లోతుకి, అంత జాగ్రత్తగా, పలక పలకా ఎవరు తవ్వేవాళ్ళు?

బేతంచెర్ల_నాపరాయి · శనివారం, రాత్రి 11:20

మా ఊరి రాయీ సున్నపురాయే కదా. నున్నగానూ ఉంటుంది. దాంతో అచ్చు కొట్టకూడదా?

ఛత్తాబజార్_కుర్రాడు · ఆదివారం, ఉదయం 7:48

మా అబ్బాజాన్ హైదరాబాద్‌ల కాతిబ్, అంటే అచ్చుకోసం చేత్తో రాసేటాయన. ఉర్దూ నస్తలీఖ్ చేత్తోనే రాస్తుండె. ఆ లిపి సీసం టైపులల్ల మంచిగ కుదరదు, ఒక అక్షరం మీదికెంచి ఇంకోటి జారుతది. అందుకే ఉర్దూ కితాబులు శానా ఏండ్లు రాయి మీదనే అచ్చయినయ్. లక్నోల నవల్ కిశోర్ ప్రెస్ 1858ల పెట్టిండ్రు, వేల కితాబులు రాయి మీదనే కొట్టిండ్రు.

అబ్బా రాసేది రాయి మీద కాదు. పసుపు పూత పూసిన కాగితం మీద, జిడ్డు సిరాతోని, సీదాగనే రాస్తుండె. ఆ కాగితాన్ని రాయి మీద బోర్లేసి ఒత్తితె రాత రాయికి ఎక్కుతుండె. ఎక్కినంక ఉల్టా. ఆ ఉల్టా మళ్ళ కాగితం మీదికి సీదా. ఈ లెక్కన అన్న రాయి మీద సీదా ఉన్నదంటె నాకైతే సమజ్ అయితలేదు. గని కళ్ళు లేకపోవుడు నకిలీ అనుడు తొందరపాటే, రావుగారూ.

తిరగలి · ఆదివారం, ఉదయం 9:15

ఒక ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ప్రింట్‌మేకింగ్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఉండేది విశాఖలో. రాయి పేరు వినగానే నడుం నొప్పి గుర్తొస్తుంది నాకు.

కళ్ళ సంగతి తేల్చేద్దాం ముందు. బాబూ, మీ దగ్గరున్నది బొమ్మ కాదు, బొమ్మలో ఒక రంగు. రంగుల లిథోలో ప్రతి రంగుకీ ఒక రాయి. పసుపుకొకటి, లేత గులాబీకొకటి, ఎరుపుకొకటి, నీలానికొకటి, బూడిదకొకటి, చివర నలుపుకొకటి. మామూలు ప్రకటనకే ఏడెనిమిది, ఖరీదైనదానికి పన్నెండు, ఇరవై కూడా. మ్యూల్‌హౌస్ ఊరి గోడ్‌ఫ్రా ఎంగెల్‌మన్ 1837లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకుని క్రోమోలితోగ్రఫీ అని పేరు పెట్టాడు. విక్టోరియా రాణి గద్దెనెక్కింది కూడా ఆ ఏడాదే.

బుగ్గలు, రిబ్బను, లావు అక్షరాలు. ఈ మూడిటికీ కలిసేదేమిటి? ఎరుపు. మీది ఎరుపు రాయి. కళ్ళూ ముక్కూ నలుపు రాయి మీదో ముదురు గోధుమ రాయి మీదో ఉండి ఉంటాయి. రాయి మీద గీసేదెప్పుడూ నల్ల సిరాతోనే, ఏ రంగుకైనా సరే. అందుకే ఎరుపు అని మీకు తట్టలేదు.

భూతద్దం పెట్టి బుగ్గ మీద చూడండి. చుక్కలు కనపడాలి. ఎర్ర చుక్కలు దగ్గర దగ్గరగా పెడితే ముదురు, ఎడంగా పెడితే లేత. కింద పసుపు పడితే నారింజ, నీలం పడితే ఊదా. ఈ చుక్కలన్నీ ఒక మనిషి సన్నటి కలంతో ఒక్కొక్కటిగా పెట్టినవి. చుక్కలు వరస తప్పి, చిన్నా పెద్దా కలిసి ఉంటే చేతిపని. సైన్యంలా బారులు తీరి ఉంటే అనుమానించాల్సిందే.

నాపరాయి గురించి అడిగిన తమ్ముడికి: చదువుకునే రోజుల్లో తాండూరు రాయి మీద ప్రయత్నించా. గీతలు బాగానే వచ్చాయి. నీడలు వేసిన చోట సిరా ముద్దకట్టేసింది. నేను తెచ్చిన ముక్క అంతటా ఒకే తీరుగా లేదు, సన్నటి చారలున్నాయి. మంచి రాయి దొరికితే ఏమయ్యేదో.

పెన్నవడ్డుగారూ, నాలుగు ఫొటోలు కావాలి. రాయి అంచులు, మూలలు, భూతద్దంలో బుగ్గ, దూరం నుంచి మొత్తం బొమ్మ ఆకారం. ముఖ్యంగా, దాన్ని కడగొద్దు.

పెన్నవడ్డు · ఆదివారం, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, మీ మాట నేను చూసేసరికే ఆలస్యం అయిపోయింది.

అమ్మ నెల్లూరు నుంచి వచ్చి ఉంది. పొద్దున్నే లేచి దేవుడి సామాన్లు తోముకుంటా, పక్కనే ఈ జిడ్డు రాయి చూసి, ఇంట్లో ఇంత మురికేందని చేతిలో ఉన్న చింతపండుతోనే ఒక మూల తోమింది. నేను కిందికి దిగేసరికి కుడి మూల జానెడు మేర తెల్లగా అయిపోయింది. సన్నగా బుడగలొచ్చాయంట. "రాయి పొంగింది రా, అది మంచి రాయి కాదు" అంటది. "బిస్కట్స్"లో చివరి మూడక్షరాలు ఆ మూలలోనే ఉన్నాయి. అవి మాత్రం పోలేదు. చుట్టూ తెల్లబడి అవి ఇంకా నల్లగా కనపడతన్నాయి. తాకితే రవ్వంత ఎత్తుగా ఉన్నట్టు కూడా ఉంది. నా భ్రమేమో.

నన్ను తిట్టండి, అమ్మని మాత్రం ఏమీ అనొద్దు.

తిరగలి · ఆదివారం, మధ్యాహ్నం 2:22

తిట్టడమా! మీ అమ్మగారు తెలీకుండానే 1796లో మ్యూనిక్‌లో జరిగిన ప్రయోగం చేశారు.

అలోయిస్ జెనెఫెల్డర్ అని నాటకాలు రాసుకునే కుర్రాడు. అచ్చు వేయించుకునే స్తోమత లేదు, సొంతంగా అచ్చువేసే దారి వెతుకుతున్నాడు. రాగిరేకు ఖరీదు, అందుకని చవగ్గా దొరికే రాతి పలక మీద తిరగరాత సాధన చేసుకునేవాడు. ఒకరోజు వాళ్ళమ్మ వచ్చి, చాకలామె నిలబడి ఉంది, పద్దు రాయి నాయనా అంది. చేతికి కాగితం దొరకలేదు. తను చేసుకున్న సిరా ఉంది, మైనం, సబ్బు, దీపపు మసి కలిపింది. రాతి మీదే చాకలి పద్దు రాసేశాడు. తర్వాత తుడిచేద్దామనుకుంటూ, దీని మీద ఆమ్లం పోస్తే ఏమవుతుందో చూద్దాం అనుకున్నాడు. పోశాడు. జిడ్డు రాత కింద రాయి అలాగే ఉంది, చుట్టూ ఉన్న రాయి కొంచెం కరిగింది. అక్షరాలు సన్నగా పైకి తేలాయి. ఇదంతా ఆయనే తర్వాత తన పుస్తకంలో చెప్పుకున్నాడు.

అక్కడ నత్రికామ్లం, ఇక్కడ చింతపండు పులుపు. సున్నపురాయికి ఏ పులుపు తగిలినా బుడగలే. మీ అక్షరాలు పోలేదంటే వాటి కింద జిడ్డు ఇంకా బతికే ఉందన్నమాట. అక్కడ తేలిన ఎత్తు మీ భ్రమ కాదేమో.

అయితే జెనెఫెల్డర్ అక్కడ ఆగలేదు. రెండేళ్ళు తంటాలు పడి, ఎత్తూ పల్లమూ అక్కర్లేదని కనుక్కున్నాడు. రాయి పూర్తిగా చదునుగానే ఉంటుంది. ఆముదం రాసుకున్న చేతికి నీళ్ళు అంటవు కదా, అంతే సూత్రం. జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. తుమ్మబంక నీళ్ళలో రెండు చుక్కలు ఆమ్లం కలిపి రాస్తారు. జిడ్డు లేని చోటల్లా రాయి ఆ బంకని పట్టుకుంటుంది, ఇక అక్కడ నీళ్ళు నిలుస్తాయి. ప్రతి కాపీకి ముందూ తడి స్పాంజితో తుడిచి, సిరా రోలరు తిప్పుతారు. తడి ఉన్న చోట సిరా పట్టదు, జిడ్డు ఉన్న చోట పట్టేస్తుంది. కాగితం వేసి ఒత్తడమే.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. చింతపండుతో పోయింది ఆ బంక పొర. అక్కడ రాయి ఇప్పుడు ఒళ్ళు విప్పుకుని ఉంది. వేలు పెట్టారంటే మీ వేలి జిడ్డు కూడా బొమ్మే దానికి. రేపెవరైనా రోలరు తిప్పితే మీ వేలిముద్ర అచ్చవుతుంది. తుమ్మబంక దొరికితే మంచినీళ్ళలో పల్చగా కలిపి, ఆమ్లం ఏమీ వెయ్యకుండా, మెత్తటి గుడ్డతో ఆ మూల మీద పూత పూసి ఆరనివ్వండి. చిత్రకళ సామాన్ల కొట్లో గమ్ అరబిక్ అనడగండి.

అనుమానాలరావు · ఆదివారం, మధ్యాహ్నం 2:50

చాకలి పద్దు కథ బాగుంది. అసలు ప్రశ్నకి జవాబు రాలేదు. అక్షరాలు తిన్నగా ఎందుకున్నాయి? కళ్ళు లేకపోతే రంగు రాయి అన్నారు, ఒప్పుకున్నా. ఏ రంగు రాయైనా తిరగబడే ఉండాలి కదా మాస్టారూ?

తిరగలి · ఆదివారం, మధ్యాహ్నం 3:04

ఉండాలి. అందుకే ఫొటోలు అడిగాను.

పెన్నవడ్డు · ఆదివారం, సాయంత్రం 6:30

ఎనిమిది ఫొటోలు ఎక్కించా. బుగ్గ మీద చుక్కలున్నాయి మాస్టారూ! ఒక్కటీ ఇంకోదానిలా లేదు, ఆవాలు చల్లినట్టుంది. గడ్డం దగ్గర ఎవరిదో చెయ్యి తొందరపడినట్టు చుక్కలు తోకలు సాగాయి. రాయి అంచులన్నీ ఆకురాయితో రుద్ది గుండ్రం చేసినట్టున్నాయి. పైనా కిందా మధ్యలో సన్నటి ప్లస్ గుర్తులు. ఒక పక్క అంచు మీద 7 అంకె.

ఆకారం ఇంకో వింత. పాప ఉన్నది నిలువు దీర్ఘచతురస్రంలో. దానికి నాలుగు వైపులా మూడేసి వేళ్ళ వెడల్పున పూలతీగ పట్టీలున్నాయి. కానీ నాలుగు మూలలా చిన్న చతురస్రాలు ఖాళీ. పట్టీలు మూల తిరిగి కలవవు. మొత్తం చూస్తే లావుపాటి ప్లస్ గుర్తు లాగా ఉంది. కాగితం మీద ప్రకటన అయితే అంచు చుట్టూతా పోవాలి కదా?

బొమ్మలపెట్టె · ఆదివారం, సాయంత్రం 7:11

అన్నా, ఆ ప్లస్ గుర్తు చూడగానే కుర్చీలోంచి లేచా. ఒక తెల్లకాగితం మీద ఆ ఆకారం గీసి, మూలల్లో ఖాళీ చతురస్రాలు కత్తిరించి, నాలుగు పట్టీలూ కిందికి మడవండి. ఏమొచ్చింది?

డబ్బా మూత!

నేను న్యూజెర్సీలో ఉంటా, పాత రేకు డబ్బాలు పోగేస్తా. మా ఆయన మాటల్లో "ఖాళీ డబ్బాల పిచ్చి". మీ రాయి కాగితానికి కాదు, తగరం పూత పూసిన ఇనుప రేకుకి. అక్షరాలు తిన్నగా ఉండటానికి కారణం కూడా అదే.

రాయి గట్టిది, రేకు గట్టిది. గట్టిదాన్ని గట్టిదానికేసి ఒత్తితే సిరా సమంగా దిగదు, ఎక్కడ సందుంటే అక్కడ తెల్లమచ్చ. కాగితానికైతే మెత్తదనముంది, సర్దుకుంటుంది. 1875లో లండన్‌లో రాబర్ట్ బార్‌క్లే మధ్యలో మెత్తటిది ఒకటి పెట్టి పేటెంటు తీసుకున్నాడు. మందు పూసిన అట్ట చుట్టిన సిలిండరు. తర్వాత అట్ట పోయి రబ్బరు వచ్చింది. బొమ్మ రాయి మీంచి సిలిండరు మీదికి, సిలిండరు మీంచి రేకు మీదికి. రెండుసార్లు తిరుగుతుంది. రాయి మీద తిన్నగా, సిలిండరు మీద తిరగేసి, రేకు మీద మళ్ళీ తిన్నగా.

ఛత్తాబజార్ తమ్ముడి లెక్కలో ఉల్టా రాయి మీద ఉంది. ఇక్కడ రబ్బరు మీద ఉంది. ఉల్టా ఎక్కడో ఒక చోట ఉండి తీరాలి కదా!

ఇదే ఇవాళ్టి ఆఫ్‌సెట్. మన పేపర్లూ పెళ్ళికార్డులూ చాలామటుకు అలాగే కదా. కాగితానికి అది అలవాటైంది 1903 తర్వాత, ఇక్కడ న్యూజెర్సీలోనే ఐరా రూబెల్ చేతిలో. ఒకసారి కాగితం పెట్టడం మర్చిపోతే బొమ్మ రబ్బరు మీద పడి, తర్వాతి కాగితం వెనకవైపుకి అంటుకుంది. చూస్తే నేరుగా కొట్టినదాని కంటే ఆ వెనకవైపుదే శుభ్రంగా ఉంది. డబ్బాలవాళ్ళకి ఈ సంగతి పాతికేళ్ళ ముందే తెలుసు, పాపం వాళ్ళనెవరూ అడగలేదు.

ఇంకోటి. మీరున్న ఊరేంటి అన్నా? రీడింగ్! హంట్లీ అండ్ పామర్స్ ఊరు. 1822లో ఒక చిన్న బిస్కట్ కొట్టు. బండి ప్రయాణికులు గుర్రాలు మార్చుకోవడానికి ఆగినప్పుడు కొనుక్కునేవాళ్ళు, బిస్కట్లు విరక్కుండా ఉండాలని డబ్బాల్లో పెట్టివ్వడం మొదలైంది. కొట్టాయన కొడుకే ఎదురుగా ఇనుప సామాన్ల కొట్టు పెట్టి డబ్బాలు చేసిచ్చాడు. రంగుల డబ్బా 1868లోనే తెచ్చారు, ఓవెన్ జోన్స్ రూపకల్పన చేశాడు. తర్వాత బిస్కట్లయిపోయినా డబ్బా పారెయ్యబుద్ధి కాకుండా పుస్తకాల వరస, పూలసజ్జ, అలమారా ఆకారాల్లో కూడా చేశారు. మీ ఊరి మ్యూజియంలో దాని కోసమే ఒక గది ఉంది, వెళ్ళి చూడండి. మీ రాయి వాళ్ళదే అని మాత్రం ఎవరూ చెప్పలేరు, పేరు ఊడిపోయింది కాబట్టి.

తిరగలి · ఆదివారం, రాత్రి 7:40

అమ్మా, శభాష్. నేను కాగితం మనిషిని, రేకు తట్టనే లేదు. తిన్నగా ఉండే రాళ్ళు ఇంకో రకం ఉన్నాయి, పింగాణీ పళ్ళేల మీదికి దించే బొమ్మల కాగితాలు కొట్టేవి. అక్కడా రెండు తిరుగుళ్ళే. నేను అటు వెళ్దామనుకుంటున్నా. మూలలు ఖాళీగా ఉన్నాక ఇక ఆ మాటే లేదు.

అంచులు గుండ్రం చెయ్యడం కూడా పనివాడి గుర్తే. కోసుగా ఉంటే రోలరు తగిలి అంచున సిరా గీత పడుతుంది. ప్లస్ గుర్తులు ఒక రంగు మీద ఇంకో రంగు కూర్చోడానికి. వెంట్రుకవాసి తప్పినా పాప పెదవి ఎరుపు గడ్డం మీదికి జారిపోతుంది.

అనుమానాలరావు · ఆదివారం, రాత్రి 8:02

రాయి అసలుదే, ఒప్పుకున్నా. విక్టోరియా కాలంది అని మాత్రం ఒప్పుకోను. రాణి 1901లో పోయింది. రాళ్ళ వాడకం అప్పుడే ఆగిపోలేదు కదా. 1875 తర్వాతది అని చెప్పగలం, అంతే. టోపీ రిబ్బను చూసి కాలం చెప్తే అది జాతకం.

బొమ్మలపెట్టె · ఆదివారం, రాత్రి 8:15

ఇది మాత్రం రావుగారు నిజం చెప్పారు. బార్‌క్లే పేటెంటు గడువు 1889 దాకా. ఆ తర్వాత మిగతా డబ్బాల కంపెనీలూ దిగాయి, పనీ పెరిగింది. రాయి ఆ తర్వాతది అయ్యే అవకాశమే ఎక్కువ.

చీరాల_బట్టలకొట్టు · సోమవారం, ఉదయం 6:55

ఈ చర్చ చూసి మా తాతగారి ఇనప్పెట్టె తీశాను. అందులో మాంచెస్టర్ టిక్కెట్లు ఉన్నాయి, ఓ ముప్ఫై. సీమ బట్ట తానుల మీద అంటించి పంపిన రంగు కాగితాలు. ఏనుగు మీద రాజు, ఊయల్లో కృష్ణుడు, రైలింజను, పులి. అంచున బంగారు రంగు ఇంకా మెరుస్తోంది. తాత చెప్పేవారు, కొనేవాళ్ళు కంపెనీ పేరు అడిగేవారు కాదు, "ఏనుగు బట్ట ఇవ్వండి" అనేవారంట. ఇంగ్లీషు రాని ఊళ్ళో బొమ్మే పేరు. భూతద్దం పెడితే వీటి మీదా మాస్టారు చెప్పిన చుక్కలే.

విడ్డూరమేమంటే కృష్ణుడికి నీలం రంగు కొంచెం పక్కకి జరిగింది. భుజం పక్కన ఇంకో నీలి భుజం ఉంది.

తిరగలి · సోమవారం, ఉదయం 8:20

అవి పారెయ్యకండి, అతికించకండి, లామినేషన్ అసలే వద్దు. మాంచెస్టర్‌లో ఆ టిక్కెట్లు గీసినవాళ్ళలో మన దేశం మొహం చూసినవాళ్ళు ఎంతమందో. ఇక్కణ్ణుంచి నమూనా బొమ్మలు పంపితే చూసి గీసేవారు. 1875లో బ్రిటన్‌లో ట్రేడ్‌మార్కుల చట్టం వచ్చాక వ్యాపారులు ఇలాంటి బొమ్మల్ని కుప్పలుగా నమోదు చేయించుకున్నారు. మాంచెస్టర్‌లో బట్టల గుర్తుల కోసమే విడిగా ఒక కార్యాలయం ఉండేది.

ఒక్క టిక్కెట్టు కోసం పెద్ద రాయి తిప్పరు. చిన్న రాయి మీద ఒకసారి గీసి, జిడ్డు సిరాతో బదిలీ కాగితాల మీద ఇరవై ముప్ఫై తీసి, వాటిని పెద్ద రాయి మీద బారుగా పేర్చి ఒత్తేస్తారు. మిషను ఒక్కసారి కదిలితే ముప్ఫై కృష్ణులు. అందులో ఒక కాగితం రవ్వంత పక్కకి పేరిస్తే ఆ కృష్ణుడికి జీవితాంతం రెండు భుజాలు.

మన దగ్గర రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టినప్పుడు మిషన్లూ జర్మనీవే, రాళ్ళూ జర్మనీవే, నిపుణులూ జర్మన్లే. మన ఇళ్ళలో దేవుడి గూట్లో ఉన్న లక్ష్మీ సరస్వతులు ఆ బవేరియా మడుగు బురదలోంచి లేచి వచ్చినవాళ్ళే.

గులకరాయి · సోమవారం, ఉదయం 8:41

మాస్టారూ, ఈ వాక్యం నా ప్రాజెక్టు రిపోర్టులో పెట్టుకుంటా, ఏమనుకోవద్దు.

ఛత్తాబజార్_కుర్రాడు · సోమవారం, ఉదయం 9:30

ఒక్కటి అడుగుత. ప్రకటనలకు ఇంత ఖర్సు ఎందుకు? ఏడు రాళ్ళు, ఇంత మంది మనుషులు, ఒక బిస్కట్ డబ్బాకా?

బొమ్మలపెట్టె · సోమవారం, మధ్యాహ్నం 12:10

తమ్ముడూ, అప్పటిదాకా వాళ్ళ చేతులు కట్టేసి ఉన్నాయి. బ్రిటన్‌లో పేపర్లో వేసే ప్రతి ప్రకటనకీ పన్ను, సబ్బుకి పన్ను, కాగితానికి పన్ను. మొదటి రెండూ 1853లో పోయాయి, కాగితానిది 1861లో. ఆవిరితో నడిచే లిథో మిషన్లు కూడా ఆ పదేళ్ళలోనే అందుకున్నాయి. ఇక చూసుకో, సబ్బు, టీ, ఆవాల పొడి, బిస్కట్లు, అన్నిటికీ బొమ్మలే. ఇంట్లో రంగు బొమ్మ అన్నదే లేని జనానికి సబ్బుతో పాటు ఒక రంగు బొమ్మ ఊరికే వస్తే పారేస్తారా? గోడకి అంటిస్తారు. మన క్యాలెండర్ల లాగానే.

అందరికంటే గడుసువాడు పియర్స్ సబ్బు థామస్ బారెట్. పెద్ద చిత్రకారుడు మిల్లే, బుడగలు ఊదుతున్న తన మనవడి బొమ్మ 1886లో వేశాడు. ఒక పత్రికాధిపతి కొన్నాడు. ఆయన దగ్గర్నుంచి బారెట్ 2,200 పౌండ్లకి హక్కులతో సహా కొని, కింద ఒక సబ్బుబిళ్ళ వేయించి, రంగుల్లో అచ్చేయించి ఊరూరా పంచాడు. కళ అమ్ముడుపోయిందని గోల గోల. ఆ బొమ్మలో పిల్లాడు పెద్దయి నౌకాదళంలో అడ్మిరల్ అయ్యాడు, అయినా అందరూ "బబుల్స్" అనే పిలిచేవారంట. పాపం.

పాతిల్లు_కొత్తసామాను · సోమవారం, మధ్యాహ్నం 1:02

పెన్నవడ్డుగారూ, రాయి ఎంతకిస్తారు? రెస్టారెంటు గోడకి పెట్టుకుంటా. పైన పాలిష్ కొట్టించి వార్నిష్ వేయిస్తే అదిరిపోద్ది.

తిరగలి · సోమవారం, మధ్యాహ్నం 1:05

వార్నిష్!!

మోడరేటర్ · సోమవారం, మధ్యాహ్నం 1:20

అమ్మకాలు, కొనుగోళ్ళు ఈ విభాగంలో వద్దని నియమాల్లో ఉంది. మాస్టారూ, మీరు కొంచెం నీళ్ళు తాగండి.

పెన్నవడ్డు · సోమవారం, రాత్రి 9:48

అమ్మను, గోడకీ పెట్టను. తుమ్మబంక పూశా, మాస్టారు చెప్పినట్టే ఆమ్లం లేకుండా. అమ్మే గుడ్డతో రాసింది, "ముందే చెప్పుంటే తోమేదాన్ని కాదు గదా" అని సణుక్కుంటా. చాకలి పద్దు కథ చెప్తే మాత్రం గర్వంగా ఉంది ఆవిడకి. నెల్లూరికి ఫోన్ చేసి చెప్పింది, అది కూడా సగం తప్పుగా. ఇప్పుడు మా పిన్నికి తెలిసిందేందంటే, అచ్చు కనిపెట్టింది చింతపండుతో.

ఇంకొకటి అడగాలి మాస్టారూ. మా పాప నిన్నట్నుంచీ ఒకటే ప్రశ్న. మరి కళ్ళున్న రాయి ఎక్కడుంది?

తిరగలి · సోమవారం, రాత్రి 10:15

పాపకి ఎలా చెప్తారో మీ ఇష్టం. నాకు తెలిసింది చెప్తా.

ఆర్డరు అయిపోయాక ప్రెస్సువాళ్ళు రాయిని దాచుకోరు. దాచేది బొమ్మని, రాయిని కాదు, అదీ మళ్ళీ ఆర్డరు వస్తుందనుకుంటేనే. రాయి ఖరీదు, జర్మనీ నుంచి రావాలి. అందుకని రెండు రాళ్ళని ముఖాముఖి పెట్టి, మధ్యలో ఇసకా నీళ్ళూ పోసి, పై రాయిని గుండ్రంగా తిప్పుతారు. సరిగ్గా తిరగలే. నా పేరు అందుకే పెట్టుకున్నా. గంటసేపట్లో పాత బొమ్మ బూడిదరంగు బురదై తూములోకి పోతుంది. కింద కొత్త పలక. మళ్ళీ ఇంకో బొమ్మ. సన్నబడి ఒత్తిడికి పగిలేదాకా ఇదే వరస. కాబట్టి ఆ కళ్ళు బహుశా ఎప్పుడో ఏ ఆవాల పొడి ప్రకటనకో చోటిచ్చి వెళ్ళిపోయాయి. అంకె 7 ఉన్నది కాబట్టి కనీసం ఆరు రాళ్ళు అలాగే పోయి ఉంటాయనుకోవచ్చు, అది వరస సంఖ్యే అయితే.

మీ రాయి 8 సెంటీమీటర్లుంది, ఇంకా బోలెడు ఆయువున్న రాయి. దాన్ని ఎవరు ఎందుకు రుబ్బకుండా వదిలేశారో! పెచ్చు ఊడినందుకేనేమో.

ఒక పని చెయ్యండి. గదిలో దీపాలార్పి, టార్చిని రాయికి సమాంతరంగా, పక్కనుంచి పట్టండి. రుబ్బడంలో తొందరపడితే కింది బొమ్మ నీడ మిగిలిపోతుంది. మేము దెయ్యం అంటాం దాన్ని. పాపతో ఆ మాట అనొద్దు.

పెన్నవడ్డు · సోమవారం, రాత్రి 11:26

ఉంది మాస్టారూ.

బుట్ట కింద ఏవో వంకర అక్షరాలు, ఇవి తిరగబడి ఉన్నాయి. అంటే ఈ రాయి అంతకు ముందు కాగితానికి పనిచేసింది, అవునా? ఇంకా పైన, సరిగ్గా పాప ముఖం మీద, పాత బొమ్మ తాలూకు ఒక వంపు గీత. టీ కప్పు చెవి కావచ్చు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట పడింది. టార్చి కదిలిస్తే వస్తంది, పోతంది.

నిద్రపోకుండా పక్కనే నిలబడిన మా పాప చూసి, "నాన్నా, కన్ను కొడతంది" అని నవ్వింది. తువ్వాలు తీసుకుపోయింది.

అనుమానాలరావు · సోమవారం, రాత్రి 11:31

ఫొటో పెట్టండి. ఫొటో చూడందే నేను నమ్మను.